హైదరాబాద్ పెరట్లో సొంతంగా గ్రీన్‌హౌస్ కట్టి, ఎండాకాలంలో కొత్తిమీర సేంద్రియంగా పెంచవచ్చా?

పెంచవచ్చు. కాకపోతే వీడియోలు చూసి పాలిథిన్ షీటు మాత్రం కప్పకండి. అది చలిదేశాల పద్ధతి, వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. మన దగ్గర మే నెలలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. మొదటి ఏడాది నేనూ షీటే వేశాను. మధ్యాహ్నం లోపల చెయ్యి పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టుంది!

పీవీసీ పైపులు వంచి పాతి, సగం ఎండను ఆపే (50 శాతం) ఆకుపచ్చ షేడ్ నెట్ వేయండి. పక్కలు తెరిచే ఉంచండి. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి. వేడికి కొత్తిమీర తొందరగా పూతకొచ్చేస్తుంది, అందుకే జానెడు ఎదగగానే కోసుకోవాలి.

ఎరువుగా జీవామృతం చాలు. 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి 200 గ్రాముల చొప్పున, పిడికెడు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజూ రెండుసార్లు కర్రతో తిప్పాలి. తర్వాత పది రెట్లు నీళ్లు కలిపి పోయండి. వాసన గట్టిగానే వస్తుంది, పక్కింటివాళ్లకి ముందే చెప్పుకోండి.