చంద్రుడి రాళ్ల మీద పరిశోధనకు అమెరికాకే పోవాలా?

తమ్మీ, హన్మకొండల బీఎస్సీ జియాలజీ చదువుకుంట అమెరికా పోవాల్నా అని అడిగినవ్. అక్కర్లేదు. ముందు జామ్‌లో, అంటే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే ఎంట్రెన్స్‌ల, జియాలజీ పేపర్ రాయి. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లో ఎమ్మెస్సీ దొరుకుతది. లేకుంటే ఉస్మానియా ఉండనే ఉంది. తర్వాత నెట్ గానీ గేట్ గానీ పరీక్ష కొట్టి, అహ్మదాబాద్‌ల ఉన్న ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ (పీఆర్‌ఎల్)లో పీహెచ్‌డీకి అప్లై చెయ్యి. 2023లో చంద్రయాన్-3 రోవర్ మీద మట్టిలోని మూలకాలు చూసిన ఏపీఎక్స్‌ఎస్ పరికరం ఈ పీఆర్‌ఎల్ వాళ్లు చేసిందే.

అప్పటిదాకా ఖాళీగ కూసోకు. చంద్రుడి మీద కనపడే నల్లమచ్చలు గడ్డకట్టిన లావా, బసాల్ట్. మన ఆదిలాబాద్ దిక్కు నల్లరాయి కూడా బసాల్టే. ఒకసారి పోయి చూడు. వీలైతే మహారాష్ట్రల లోణార్‌కు పో: బసాల్ట్‌లో ఉల్క తవ్విన గుంత, అడ్డంగా దాదాపు 1.8 కిలోమీటర్లు. పటాలు గీసుడుకు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకో, దానికి పైసలు కట్టే పనిలేదు. గణితం మాత్రం ఇడిసిపెట్టకు. నేను ఇడిసిపెట్టి రెండేండ్లు తిప్పలు పడ్డ.