అక్షరాలు గీకే ముందు

అల్లుడూ,

కీబోర్డు మీటల మీది ఇంగ్లీషు అక్షరాలు గీకి చెరిపేస్తానని నిన్న ఫోన్లో నువ్వు అంటుంటే పక్కనుంచి మీ అత్త, "బాగున్నదాన్ని చేజేతులా పాడుచేసుకోవడం దేనికి?" అంది. నాకు మాత్రం సబబే అనిపించింది. నువ్వు ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే మన దేశ భాషలకు ఉమ్మడిగా ఉన్న మీటల అమరికలో, తెలుగు కొడతావు. కె నొక్కితే క రావడం ఏదో కలిసొచ్చిన విషయం గానీ, ఎల్ నొక్కితే త, జె నొక్కితే ర, హెచ్ నొక్కితే ప. మీట చెప్పేదొకటి, తెర మీద పడేదొకటి. పైగా బెంగళూరు వెళ్ళాక కన్నడం కూడా కొడుతున్నావు. తెలుగు క ఉన్న మీటలోనే కన్నడ క కూడా ఉంటుంది. ఆ ఇంగ్లీషు ముద్ర నీకు అడ్డమే తప్ప సాయం లేదు. నలుగురికీ చూపించుకోడానికైతే మాత్రం వద్దు.

గీకే ముందు ఆ అక్షరం మీట మీదికి ఎలా ఎక్కిందో చూడు. గోటికి సన్నగా తగిలితే అది పైన వేసిన ముద్ర, సులువుగా పోతుంది. మీట తిరగేస్తే లోపల కూడా అక్షరం వేరే రంగులో కనిపిస్తే డబుల్‌షాట్. అందులో అక్షరమే ఇంకో ప్లాస్టిక్, ఎంత అరగదీసినా కింద అదే ఉంటుంది. వేడితో రంగు లోపలికి ఇంకించిన డై సబ్లిమేషన్ మీటల జోలికీ పోకు, మీట పలచబడుతుంది గానీ అక్షరం ఓ పట్టాన పోదు. అక్షరాల్లోంచి లైటు వెలిగే రకమైతే చాలావాటికి పైన నల్ల పెయింటే ఉంటుంది. అది పోయిందా, మీటంతా బల్బే.

ప్లాస్టిక్ ఏదో కూడా తెలియాలి. మన ఊళ్ళో వరి విత్తనాలను ఉప్పునీళ్ళలో వేసి తాలు తేల్చేవాళ్ళం గుర్తుందా? అదే పరీక్ష. గ్లాసు నీళ్ళలో ఉప్పు ఇక కరగనంత కలిపి, బుడగ లేకుండా మీట ముంచు. తేలితే ఏబీఎస్ రకం ప్లాస్టిక్, మునిగితే చాలావరకు పీబీటీ రకం. ఏబీఎస్ అయితే నెయిల్ పాలిష్ తుడిచే ఎసిటోన్ దగ్గరికి రానీయకు, కరిగి జిగురైపోతుంది.

ఇప్పుడు అసలు పని. మీటలు పీకే తీగ పుల్లర్ మీ బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. పీకే ముందు ఫోటో తీసుకో. ఇంకా ముఖ్యం, ప్రతి మీట లోపల వరస నంబరు పెన్సిల్‌తో రాసుకో. చాలా కీబోర్డుల్లో ఒక్కో వరసకు ఒక్కో వాలు ఉంటుంది. నేను రాయకుండా నలభై మీటలు గుండు చేసి, ఏది పై వరసో ఏది కింది వరసో తెలియక రెండు సాయంత్రాలు తలపట్టుకున్నాను. మీ అత్త ఇప్పటికీ నవ్వుతుంది.

పెయింటర్లు తడిపి రుద్దే గరుకు కాగితం, వాటర్ పేపర్ తీసుకో, 800 నంబరుతో మొదలెట్టి ఇంకా నున్నటి 1500, 2000. మొదట స్క్రోల్ లాక్ మీద చేసి చూడు, పాడైనా ఏడ్చేవాళ్ళు లేరు. మీట పైభాగం గుంటగా ఉంటుంది కాబట్టి బల్ల మీద పేపరు పరిచి రుద్దితే అంచులే అరుగుతాయి. లావు మార్కరుకు పేపరు చుట్టి, తడిపి, గుంట వెంబడి మెల్లగా లాగు. పొడిగా రుద్దకు, ఆ ప్లాస్టిక్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మడ్డి నీళ్ళు సింకులో పొయ్యకుండా పాతగుడ్డతో అద్దెయ్. ఎఫ్, జె మీద చిన్న గీతలుంటాయే, వాటి చుట్టుపక్కల అక్షరం మిగిలిపోయినా సరే, ఆ గీతలు మాత్రం పోగొట్టకు. చీకట్లో నీ వేళ్ళకు ఇల్లు అదే.

మీటల లోపలి గొట్టంలో నీళ్ళు దాక్కుంటాయి. నీడలో ఒక రోజంతా ఆరనీ.

అంకెల వరస వదిలెయ్యమంటాను. పాస్‌వర్డులో డాలరు గుర్తు ఎక్కడుందో వెతుక్కుంటూ పొద్దున్నే ఆఫీసు లాగిన్ దగ్గర నిలబడ్డవాణ్ణి నేను.

నా దగ్గర 2000 పేపరు రెండు ముక్కలు మిగిలాయి. వచ్చే ఆదివారం మీ అమ్మతో పంపిస్తాను, కొనకు.

మీ మామయ్య