రేడియేటర్ మార్చడం తేలికే, గాలి తీయడమే అసలు పని

ప్రశ్న: మాది నంద్యాల. నా బండి పల్సర్ ఎన్‌ఎస్200. రాయి ఎగిరి తగిలి, ఇంజిన్‌ని చల్లబరిచే రేడియేటర్ కారుతోంది. ఎం-సీల్ పెడితే కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. కొత్త రేడియేటర్ కొన్నాను. ఇంట్లోనే బిగించుకోవచ్చా? అందులో పోసే కూలెంట్ బదులు ఆర్‌వో నీళ్లు చాలంటున్నారు, నిజమేనా?

జవాబు: స్పానర్ పట్టడం వచ్చు కదా తమ్ముడూ, నిక్షేపంగా బిగించుకో. అయితే "రేడియేటర్ కొత్తదే అన్నా, అయినా వేడెక్కుతోంది" అంటూ నా షెడ్డుకి వచ్చే బళ్లలో చాలావాటికి జబ్బు ఒకటే. లోపల గాలి ఉండిపోయి కూలెంట్ సరిగ్గా తిరగదు.

ముందు నీళ్ల సంగతి. ఆర్‌వో నీళ్లు తాగడానికి. మామూలు నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి, పైగా అల్యూమినియంని తినేస్తాయి. కూలెంట్‌లో ఉండే అసలు ద్రవం గ్లైకాల్. అదీ, నీళ్లూ సగం సగం కలిపితే మరుగు సుమారు 107కి వెళ్తుంది. రేడియేటర్ మూత బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి 120 కూడా దాటుతుంది. కూలెంట్ డబ్బా మీద ప్రీమిక్స్ (ముందే నీళ్లు కలిపింది) అని ఉంటే అలాగే పోసెయ్, చుక్క నీళ్లు కలపకు. కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటిది) అయితే డబ్బా మీద చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలుపు. బ్యాటరీ షాపులో దొరుకుతుంది. బ్యాటరీ నీళ్లని అడుగు, యాసిడ్ తెచ్చుకునేవు! పాత కూలెంట్‌లో వేరే రకం కలపకు.

బండి పూర్తిగా చల్లారాకే మూత మీద చెయ్యి వెయ్యి. వేడి మీద తీస్తే మరిగే కూలెంట్ మొహం మీదకి చిమ్ముతుంది. డ్రెయిన్ బోల్టు విప్పి పాతదంతా బేసిన్‌లోకి దించు. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకి చచ్చిపోతాయి, కాబట్టి కాలవలో పారబోయకు. ఫ్యాన్ కనెక్టర్, గొట్టాలు, బోల్టులు విప్పితే రేడియేటర్ చేతికొస్తుంది. రబ్బరు బుష్షులు, ఫ్యాన్ పాతదానివే కొత్తదానికి మార్చు. గొట్టాలు పగిలి ఉంటే ఇప్పుడే మార్చెయ్. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వెయ్యి, బలమంతా పెట్టి బిగించకు. అల్యూమినియం మర ఊడిందంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇక గాలి. బండిని సైడ్ స్టాండ్ మీద కాదు, నిటారుగా నిలబెట్టు. ముందు చక్రం కింద చెక్క పెడితే మూత నోరు ఎత్తులోకి వస్తుంది. కూలెంట్ సన్నగా పొయ్యి. గొట్టాలని చేత్తో పిసుకుతూ ఉండు, బుడగలు వస్తాయి. మట్టం దిగుతుంది, మళ్లీ పొయ్యి. తర్వాత ఆరుబయట, మూత తెరిచే, ఇంజిన్ ఐడిల్‌లో నడవనీ. వేడెక్కి థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి ఇచ్చే వాల్వు) తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా పడుతుంది. కంగారు పడకు, నింపి మూత బిగించు. ఆ టైంలో మొహం మాత్రం అడ్డం పెట్టకు. కూలెంట్ రిజర్వ్ ట్యాంకుని రెండు గీతల మధ్యకి నింపు. ఫ్యాన్ తిరిగేదాకా చూసి ఆపెయ్. గాలి ఉంటే వేడి హెచ్చరిక లైటు కూడా అబద్ధం చెబుతుంది, దాన్నే నమ్ముకోకు. పొద్దున్నే చల్లటి బండి మూత తీసి, తగ్గితే నింపు.

ఎం-సీల్ ఆ వేడికి, ఒత్తిడికి నిలవదు. పాత రేడియేటర్‌ని మాత్రం పాత సామాన్లోళ్లకి వెయ్యకు. చిల్లు చిన్నదైతే, ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉంటారు. చూపించి దాచుకో.