డోనెపెజిల్ వేసినా నాన్నగారికి పేర్లు గుర్తురావట్లేదు, ఆపేయాలా?

అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుకి రెండు నెలలుగా డోనెపెజిల్ వేస్తున్నా నాన్నగారికి మనవల పేర్లు గుర్తురావట్లేదు, మాత్ర ఆపేద్దామా, సాయంత్రమయ్యేసరికి ఆయన చేసే గొడవకి నిద్రమాత్ర ఇవ్వొచ్చా అని అడిగారు. మీ అంతట మీరు ఆపకండి, నిద్రమాత్ర అసలే వద్దు. మా అత్తయ్యగారికీ ఈ జబ్బే, పాలకొల్లు దగ్గర పల్లెలో మా దగ్గరే ఉంటారు, చూసుకునేది నేనే కాబట్టి చెబుతున్నా.

ఆ మాత్ర పోయిన జ్ఞాపకాన్ని వెనక్కి తేదండీ. అల్జీమర్స్‌లో మెదడులో జ్ఞాపకానికి కావాల్సిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గిపోతుంది, దాన్ని కరిగించేసే ఎంజైముని ఈ మందు అడ్డుకుంటుంది, అంతే. కాలవ శివారు చేలకి నీళ్ళు చాలనప్పుడు వచ్చిన కాస్త నీరూ మురుగు కాలవలోకి పోకుండా గట్టు వేస్తాం చూడండి, అలాగన్నమాట, గట్టు వేసినంత మాత్రాన ధవళేశ్వరంలో నీళ్ళు పెరగవు కదా. అందుకే పేర్లు గుర్తొచ్చాయా లేదా అని పరీక్షలు పెట్టడం మానేసి, స్నానం తనే చేస్తున్నారా, అన్నం కలుపుకుంటున్నారా, నిరుడు చేసిన పనులు ఇంకా చేస్తున్నారా అని చూడండి. మా అత్తయ్యగారు నన్ను రోజుకో పేరుతో పిలుస్తారు, కానీ చీర తనే కట్టుకుంటారు, కొబ్బరికాయ ఇస్తే కోరేస్తారు. మాకు అదే లెక్క.

మామూలుగా 5 ఎంజీతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు పోయాక, తట్టుకుంటే 10కి పెంచుతారు. వికారం, విరేచనాలు, ఆకలి తగ్గడం ఉంటాయి, బరువు గమనించండి. రాత్రి వేస్తే కొందరికి భయంకరమైన కలలొస్తాయి, మా అత్తయ్యగారు అర్ధరాత్రి కేకలేసి లేచేవారు, డాక్టరుగారు పొద్దుటికి మార్చాక తగ్గింది. అన్నిటికంటే ముఖ్యం నాడి, ఈ మందు దాన్ని నెమ్మది చేస్తుంది. నాన్నగారు బీపీకి అటెనొలాల్ లాంటిది వాడుతుంటే ఇంకా జాగ్రత్త, కళ్ళు తిరిగి పడితే వెంటనే చూపించాలి.

కడుపుకి పడకపోతే రివాస్టిగ్మిన్ పట్టీ ఉంది, రోజుకొకటి వీపు మీద అంటించేది. కొత్తది వేసేముందు పాతది తీశారో లేదో చూసుకోండి, రెండూ ఉండిపోతే డోసు ఎక్కువైపోతుంది. మన ఉక్కపోతకి చెమట తుడిచి ఆరాకే అంటించాలి. జబ్బు ముదిరాక మెమాంటిన్ కలుపుతారు, అది వేరే దారిలో, మెదడులోని గ్లూటమేట్ అనే ఇంకో రసాయనం మీద పనిచేస్తుంది. బంధువులు వాట్సాప్‌లో పంపే కొత్త ఇంజెక్షన్లున్నాయే, లెకానెమాబ్, డోనానెమాబ్, అమెరికాలో 2023, 2024లో పూర్తి అనుమతి పొందినవి, అవి తొలిదశ వాళ్ళకి మాత్రమే. అవీ జబ్బుని కాస్త నెమ్మది చేస్తాయంతే, పైగా మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉందని మళ్ళీ మళ్ళీ ఎంఆర్ఐ తీస్తారు.

ఇక సాయంత్రం గొడవ. అది ఉన్నట్టుండి పెరిగితే ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించండి, మలబద్ధకం, నొప్పి, నీళ్ళు తక్కువ తాగడం కూడా చూడండి, వాళ్ళు నోటితో చెప్పలేరు కదా. అల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రలు ఇస్తే మగత, తికమక, పడిపోవడం, తుంటి ఎముక విరగడం. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటి మానసిక జబ్బుల మందులు తప్పనిసరైతేనే, తక్కువ డోసులో, కొన్నాళ్ళే. డిమెన్షియా, అంటే ఇలాంటి మతిమరుపు జబ్బు, ఉన్న పెద్దవాళ్ళలో ఇలాంటి మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది.

ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. డోనెపెజిల్ వల్ల కొందరికి మూత్రం ఆపుకోలేకపోవడం వస్తుంది. అత్తయ్యగారికి అలా వస్తే వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, ఆయన ఏం వాడుతున్నారని అడక్కుండానే ఆక్సీబ్యుటినిన్ రాశాడు. అది ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే మందు! ఒక చేత్తో పెంచి ఇంకో చేత్తో నొక్కేయడం. వారం తిరక్కుండా ఇల్లు మర్చిపోయి వీధిలోకి వెళ్ళిపోయారు, ఆపాక కుదుటపడ్డారు. జలుబుకి మందుల షాపులో అడిగి తెచ్చే క్లోర్‌ఫెనిరమైన్ కూడా ఆ కోవదే.

కాబట్టి ఈసారి వెళ్ళేటప్పుడు చీటీలు కాదు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్ళి చూపించండి, నాడి చూడమనండి, ఇప్పుడు వాడేది 5 ఎంజీ అయితే 10కి పెంచుతారా అని అడగండి. బీ12, థైరాయిడ్ ఇప్పటిదాకా చూడకపోతే ఆ రక్తపరీక్షలు కూడా రాయించుకోండి.