టెక్ సందేహాలు: పదహారో అంకె ఎందుకు మారుతోంది?

ప్రశ్న: 9007199254740993 ప్రధాన సంఖ్యో కాదో తేల్చాలి. ఎక్సెల్‌లో టైప్ చేస్తే చివరి 3 కాస్తా 0 అవుతోంది. బ్రౌజర్ కన్సోల్‌లో అదే అంకె 2గా కనిపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మొద్దు. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుని, ఆ తర్వాతి వాటిని సున్నా చేస్తుంది. కన్సోల్ వాడే జావాస్క్రిప్ట్ భాషలో మామూలు సంఖ్యకు 53 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది. మీ సంఖ్య సరిగ్గా ఆ హద్దు దాటిన మొదటిది, అంటే 2 ఘాతం 53కి ఒకటి ఎక్కువ. ఆ హద్దు దాటాక కొంతదూరం వరకు సరి సంఖ్యలే నిలుస్తాయి కాబట్టి చివర 2 వచ్చింది. ఒక్క అంకే కదా అనుకోవద్దు. కన్సోల్ చూపించిన దానికి 2 తప్ప మరో ప్రధాన కారణాంకమే లేదు. మీది బేసి సంఖ్య. అంకెలు కూడితే 78 వస్తుంది, కాబట్టి 3తో భాగించబడుతుంది. ప్రధాన సంఖ్య కాదని అక్కడే తేలిపోయింది.

ఎక్సెల్‌లోనే చేయాలంటే ముందు సెల్‌ను టెక్స్ట్‌గా మార్చి, తర్వాత టైప్ చేయండి. టైప్ చేశాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. ఆ సెల్‌ను నేరుగా ఫార్ములాలో పెట్టినా మళ్లీ 15 అంకెలకే కుదించుకుపోతుంది. అందుకే లెఫ్ట్, రైట్ ఫంక్షన్లతో ఎనిమిదేసి అంకెలుగా విడగొట్టండి. ఉదాహరణకు 107తో భాగించబడుతుందేమో చూద్దాం. 90071992కు మాడ్ ఫంక్షన్‌తో శేషం 34. దాన్ని 10 కోట్లతో గుణించి 54740993 కలిపితే 3454740993. దీన్ని మళ్లీ 107తో భాగిస్తే శేషం 0. భాజకం ఏడు అంకెలు దాటనంత వరకు ఈ పద్ధతి తప్పు ఫలితం ఇవ్వదు.

కారణాంకాలన్నీ కావాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్ భాష మేలు. అందులో పూర్ణ సంఖ్యలకు అంకెల పరిమితి సమస్య రాదు. కానీ ఒంటి స్లాష్‌తో 2చేత భాగిస్తే 4503599627370496.0 అని వస్తుంది, మీ బేసి సంఖ్య సరి సంఖ్యలా కనిపిస్తుంది. శేషం కోసం శాతం గుర్తు, భాగఫలం కోసం జంట స్లాష్ వాడండి. కన్సోల్‌లోనే కావాలంటే పెద్ద పూర్ణ సంఖ్యల కోసం బిగ్‌ఇంట్ అనే రకం ఉంది, సంఖ్య చివర చిన్న ఎన్ అక్షరం చేర్చాలి. లినక్స్ ఉంటే టెర్మినల్‌లో ఫ్యాక్టర్ కమాండ్ ఒక్కటే చాలు.

వచ్చే ఫలితం: 3 × 107 × 28059810762433. మూడూ ప్రధాన సంఖ్యలే, కాబట్టి మొత్తం భాజకాలు 8.

ఇక్కడో అందమైన సంగతి ఉంది. మీ సంఖ్య 2 ఘాతం 53కి ఒకటి ఎక్కువ కదా, ఆ ఘాతం 53 ప్రధాన సంఖ్య కావడం వల్ల, మీ సంఖ్యకు 3 కాక ఉండే ప్రతి ప్రధాన కారణాంకాన్నీ 106తో భాగిస్తే శేషం 1 రావాలి. 107 అలాంటి వాటిలో మొదటిది. మిగిలిన 28059810762433 ప్రధాన సంఖ్యేనని నిర్ధారించడానికి దాని వర్గమూలం వరకు, అంటే దాదాపు 53 లక్షల వరకు పరీక్షించాలి. 106 చొప్పున గెంతుతూ వెళితే సుమారు 50 వేల భాగహారాలతో సరిపోతుంది. వర్గమూలానికి పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లోని ఐఎస్‌క్యూఆర్‌టీ (isqrt) ఫంక్షన్ వాడండి. మామూలు ఎస్‌క్యూఆర్‌టీ దశాంశాల్లో లెక్కిస్తుంది కాబట్టి, ఇంకా పెద్ద సంఖ్యల దగ్గర ఇదే పొరపాటు మళ్లీ వస్తుంది.