ప్లాటు అమ్ముడుపోలేదని సీటు వదులుకోవద్దు

తమ్ముడూ, ఎంఎస్‌కి అమెరికాలో ఆగస్టు సీటు వచ్చింది, వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం ఐ-20 కూడా చేతికొచ్చింది. కానీ నాన్నగారి ప్లాటు అమ్ముడుపోలేదు, ఇంటికి లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, లేవని బ్యాంకు లోన్ ఆపేసింది. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి వెళ్లిపోనా అని కదా నీ ప్రశ్న?

వద్దు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నువ్వక్కడ మొదటి సెమిస్టర్ పూర్తిచేసేలోపే ఇక్కడ నాన్నగారికి నిద్ర కరువవుతుంది.

సీటు డిఫర్ చేయమని, అంటే తర్వాతి సెమిస్టర్‌కి వాయిదా వేయమని, ఇవాళే యూనివర్సిటీకి మెయిల్ పెట్టు. ఐ-20లో ఉన్న ప్రోగ్రామ్ ప్రారంభ తేదీ దాటకముందే అడగాలి. పెద్ద కథ అక్కర్లేదు, లోన్ ఆలస్యమవుతోంది, జనవరికి గానీ వచ్చే ఆగస్టుకి గానీ మార్చగలరా అంటే చాలు. స్కాలర్‌షిప్, డిపాజిట్ కూడా కొత్త సెమిస్టర్‌కి వర్తిస్తాయా అని అందులోనే అడుగు. నేను ఆ ఒక్క ముక్క అడగక స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాను, ఇప్పటికీ కడుపు మండుతుంది.

వీసా కోసం అమెరికా ప్రభుత్వానికి కట్టిన సెవిస్ ఫీజు 350 డాలర్లు వృథా అని టెన్షన్ పడకు. కొత్త ఐ-20 మీద 'ఎన్'తో మొదలయ్యే నంబరు పాతదే ఉంటే మళ్లీ కట్టక్కర్లేదు. ప్రవేశ పరీక్ష జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు, ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ స్కోరు రెండేళ్లు చెల్లుతాయి.

ఈలోపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), పాత దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తీయించి బ్యాంకు లాయర్‌కి చూపించండి. మా ఇంటి లోన్ చిక్కు అలాగే వీడింది.