ఫొటో ఉండగా బొమ్మ దేనికి?

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. జంతువుల పుస్తకం కొనిచ్చాను. తీరా చూస్తే లోపల అన్నీ చేత్తో వేసిన బొమ్మలే. ఇంత మంచి ఫొటోలు దొరికే రోజుల్లో ఇంకా బొమ్మలేమిటండీ? – ఒక తల్లి

జవాబు: ముప్పై ఏళ్లుగా పిల్లల పుస్తకాలకు జంతువుల బొమ్మలు వేసి బతుకుతున్నవాడినమ్మా. కాబట్టి నా జవాబులో కాస్త స్వార్థం ఉంటుంది, ఆ మేరకు తగ్గించి చదవండి.

ఫొటోలో పడేది ఒక్క పక్షి, అదీ ఒక్క క్షణం. రెక్క మీద ఆకు నీడ పడితే అది నీడో మచ్చో పాపకి తెలియదు. బొమ్మ వేసేవాడు నీడను వదిలేసి, ఆ జాతి మొత్తానికి ఉండే మచ్చను మాత్రం ఉంచుతాడు. 1934లో వచ్చిన పక్షుల గైడులో అమెరికన్ చిత్రకారుడు రోజర్ టోరీ పీటర్సన్ ఒకేలా కనిపించే పక్షుల్ని పక్కపక్కనే వేసి, తేడా ఉన్నచోట చిన్న గీత పెట్టి చూపించాడు. ఆ చిన్న గీతలంటే నాకు ఇప్పటికీ అసూయే. అంతకు చాలా ముందు, 1705లో, మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి దక్షిణ అమెరికాలోని సురినామ్ పురుగుల మీద పుస్తకం వేసింది. గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, అది తినే మొక్క, అన్నీ ఒకే పేజీలో! ఏ కెమెరా అయినా ఒక్క క్లిక్కుతో వారాల తరబడి జరిగేదాన్ని పట్టగలదా?

అలాగని బొమ్మ వేసినవాడు చెప్పిందల్లా నమ్మేయకండి. 1515లో గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగం ఓడలో పోర్చుగల్‌లోని లిస్బన్ చేరింది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ దాన్ని కంటితో చూడనేలేదు. ఎవరో పంపిన వర్ణన, ఒక స్కెచ్ పెట్టుకుని బొమ్మ చేశాడు. ఒంటికి కవచం తొడిగి, మెడ వెనక ఇంకో బుల్లి కొమ్ము కూడా పెట్టాడు. రెండు వందల ఏళ్లకు పైగా దాన్నే చూసి నకళ్లు వేశారు.

ఆయన్ని అనడానికి నేనెవర్ని? నా మొదటి పుస్తకంలో సాలీడుకి నాలుగు కాళ్లు పొట్టకి అతికించాను. ఎనిమిదీ ముందు భాగం నుంచే వస్తాయి. అచ్చయ్యాక మూడో క్లాసు పిల్లాడొకడు ఉత్తరం రాశాడు: "అంకుల్, మీరు సాలీడుని ఎప్పుడైనా చూశారా?" నిజం చెప్పాలంటే, సరిగ్గా చూడలేదు.

మీ పుస్తకంలో సాలీడు ఉంటే దాని కాళ్లు ఎక్కణ్ణుంచి మొదలయ్యాయో పాపనే చూడమనండి. పొట్ట నుంచి ఒక్కటి వచ్చినా పుస్తకం వెనక్కిచ్చేయండి.